లోపలి కాపీని ఆపింది నేనే

ఎనిమిదేళ్ళుగా ఒక మనిషి తనకు తన పని రాదని నమ్మి బతుకుతున్నాడు. అతనికి ఆ పని బాగా వచ్చు. ఆ సంగతి రుజువుతో సహా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను మోసింది ఇదే. మీకు ఇందులో పెద్ద నేరమేమీ కనబడకపోవచ్చు. పోలీసులు పట్టుకునేది కూడా కాదు. అయినా వినండి, ఇంకెవరికి చెప్పుకోవాలో తెలియడం లేదు.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగానికి నేను పెద్దను. రక్తపరీక్షల రిపోర్టులు, ఓపీ చీట్లు అన్నీ లినక్స్ సర్వర్ల మీద నడిచేవి. వాటికి కావలసిన అప్‌డేట్లు బయటి నుంచి నేరుగా రావు. ఒక మిషన్ రోజూ వాటిని తెచ్చి తన దగ్గర పెట్టుకుంటుంది. మిగతా సర్వర్లు పొద్దున ఆరింటికి దాన్ని చూసి, కొత్తవి ఉంటే తీసుకుంటాయి. దాన్ని మేము లోపలి కాపీ అనేవాళ్ళం. పాస్‌వర్డు నా ఒక్కడి దగ్గరే ఉండేది.

బ్రహ్మోత్సవాలు వస్తే మా ఊళ్ళో ఎవరూ దేన్నీ కదిలించరు. లాడ్జీలకు రంగులు వేయరు, రోడ్లు తవ్వరు, మేము సర్వర్లను ముట్టుకోం. ఆ తొమ్మిది రోజులూ జనం విరగబడి వస్తారు. మెట్లెక్కి సొమ్మసిల్లినవాళ్ళకూ, కాలు మడతపడినవాళ్ళకూ మా ఆసుపత్రే దిక్కు. ఏదీ ఆగకూడదు. ఆ ఏడు ధ్వజారోహణానికి ముందు రోజు, లోపలి కాపీ కొత్తవి తెచ్చుకోకుండా ఆపాను. కొత్తవి తెమ్మనే ఆదేశం ఉన్న వరుస ముందు ఒక చిన్న గుర్తు పెడితే చాలు, మిషన్ ఆ వరుసను వదిలేస్తుంది. ఉత్సవాలయ్యాక తీసేయాలి. మరిచిపోయాను. ఏది మార్చినా రిజిస్టర్లో రాయాలని నియమం పెట్టింది నేను. నేనే రాయలేదు. తొమ్మిది రోజుల ముచ్చటకు రాతలెందుకు అనుకున్నాను.

ఆరు నెలలు గడిచాయి. సర్వర్లు ఆ ఆగిపోయిన కాపీనే చూసుకుని, తమ దగ్గర అన్నీ కొత్తవే ఉన్నాయని రోజూ చెబుతూ వచ్చాయి. ఎక్కడా తప్పు చూపలేదు. అనుమానం వచ్చింది ఒక్కడికే. మస్తాన్. నాకంటే నాలుగేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న చిత్తూరులో పరుపులు కుట్టేవారు. ఈ విద్య అతను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తనకు తానే పట్టుకున్నాడు. ఒక్కో సర్వర్లో అప్‌డేట్లు ఎక్కడి నుంచి తీసుకోవాలో చెప్పే అమరిక ఫైళ్ళన్నీ మూడు రోజులు కూర్చుని వరుస వరుసా చదివాడు. మూడో రోజు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఈ మిషన్లు అబద్ధం చెప్తా ఉండాయి."

"ఈ ఆఫీసులో అందరూ చెప్పేదే గదప్పా. అవి మాత్రం ఏం పాపం చేసినాయి?"

"నవ్వొద్దన్నా. బయట కొత్తవి ఎన్నో వచ్చినాయి. ఈడ ఒక్కటీ దిగలేదు. ఆ లోపలి కాపీనే యాడో ఆగిపోయినట్టుండాది. ఒకసారి సూడు."

"సూసినాను మస్తానూ. బాగానే ఉండాది."

"ఎప్పుడు సూసినావు?"

"పొద్దున్నే."

కాసేపు తల గోక్కున్నాడు. "అయితే నాకే యాడో అర్థం కాలేదన్నా. నువ్వు సూసినాక ఇంక మాటేముండాది!"

అతను అడిగిన క్షణంలోనే నాకు అంతా గుర్తొచ్చింది. ఆ వరుస, ఆ గుర్తు, అన్నీ. మరిచిపోయానప్పా అంటే అతను నవ్వి ఊరుకునేవాడు. ఎందుకు అనలేకపోయాను? రిజిస్టర్ రాయలేదని అంతకు ముందు వారమే అందరి ముందూ ఒకతన్ని తిట్టాను, అందుకా? లేక నాకు దొరకనిది ఇతనికి దొరికిందనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

మస్తాన్ అన్నానికి వెళ్ళాడు. నేను ఆ గుర్తు తీసేశాను. ఆరు నెలల అప్‌డేట్లు ఒక్కసారిగా వచ్చిపడితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. కానీ అప్పుడు నాకు కావలసింది ఒక్కటే, ఆ గుర్తు ఎవరి కంటా పడకుండా పోవడం.

మర్నాడు ఆరింటికి సర్వర్లన్నీ ఆ ఆరు నెలల అప్‌డేట్లనూ ఒకేసారి తీసుకున్నాయి. కొత్తవాటితో రిపోర్టుల సాఫ్ట్‌వేర్ కుదరలేదు. నిలిచిపోయింది. రెండు రోజులు. తడ నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్ళు చీట్లు పట్టుకుని కౌంటరు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డారు.

విచారణలో రిజిస్టర్ తెరిచారు. ముందు రోజు తేదీ కింద ఒక్కటే రాత, మస్తాన్‌ది: "సర్వర్లలో అప్‌డేట్ల పాత జాబితాలు చెరిపి, మళ్ళీ తెప్పించాను." అది నిజం. దానివల్ల ఏ హానీ జరగదని నాకు తెలుసు. దీనివల్లే ఇలా అయిందా అని పాలనాధికారి నన్నడిగాడు. "అయ్యుండొచ్చు సార్," అన్నాను. మస్తాన్ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే నన్ను ఇప్పటికీ కాల్చేది. తన తప్పేమిటో నేను వివరిస్తానని ఎదురుచూస్తున్న చూపు అది. నేను కాగితాలు సర్దుకున్నాను. ఆ వారమే అతని చేత రాజీనామా రాయించారు.

మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది, అబద్ధం భయంలో నోరు జారింది అని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. పోయిన ఏడు చిత్తూరులో అతను ఎదురుపడేదాకా. బంధువుల కొట్లో మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు, టీ తెప్పించాడు. ఆ రోజు చేసిన పనిని ఇప్పటికీ మనసులో మొదటి నుంచి చివరిదాకా చేసి చూసుకుంటాడట. తప్పు ఎక్కడుందో దొరకదట. అందుకే మళ్ళీ సర్వర్ ముట్టుకునే ధైర్యం రాలేదట. బెంగుళూరు నుంచి పిలుపొచ్చినా వెళ్ళలేదట. అదంతా విన్నాను. అప్పుడైనా చెప్పానా? టీ తాగి బస్సెక్కాను. దాన్ని నోరు జారడం అని ఎలా అనను?

మొన్న నా పేరూ సంతకమూ పెట్టి, ఏమేం చేశానో వరుసగా రాసి అతనికి పంపాను. ఆసుపత్రికీ ఒక ప్రతి పంపాను. అతని నుంచి ఫోను రాలేదు. వచ్చినా ఏం వినాలనుకుంటున్నాను నేను? క్షమించాననా? అతని ఎనిమిదేళ్ళు ఎవరు తిరిగిస్తారు? ఇక్కడ అతని పేరు మార్చాను, నాది దాచాను. ఇది కూడా పిరికితనమే కావచ్చు.

ఆ ఉత్తరంలో చివర రాసింది మీకూ చెబుతాను. "మస్తానూ, ఆ రోజు నువ్వు సూసింది సరిగ్గానే సూసినావు. నీ పనిలో తప్పు యాడా లేదు. తప్పు చేసింది నేను." ఆ మూడు వాక్యాలకు ఎనిమిదేళ్ళు పట్టింది. రాశాక మనసేమీ తేలిక పడలేదు. కానీ దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.