మిగిలిన రంగు ఏం చేస్తారు?

మా అక్క దర్జీ. ఆడవాళ్ళ బట్టలు తప్ప కుట్టదు. మగవాళ్ళకు కుట్టడం చేతకాక కాదు, ఇష్టం లేక. కొలతలిచ్చేటప్పుడు మగవాళ్ళు పొట్ట లోపలికి బిగబడతారట, తీరా చొక్కా తొడుక్కున్నాక బిగుతైందని దర్జీని తిడతారట. సొంత తమ్ముణ్ణి, ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను, ఒక్క చొక్కా కుట్టిపెట్టిన పాపాన పోలేదు. "నీ పొట్ట అబద్ధాలాడుతుందిరా" అంటుంది.

దర్జీ అనగానే మిగిలిన గుడ్డ నొక్కేస్తుందని లోకానికి ఒక అనుమానం. ఆ మాటంటే అక్కకు ఒళ్ళు మంట. అందుకే బట్టలు ఇచ్చేటప్పుడు వేలెడు ముక్కలతో సహా మిగిలిందంతా సంచీలో వేసి చేతిలో పెడుతుంది. ఇవెందుకండీ అని వాళ్ళు మొత్తుకున్నా వినదు. ఆ పేలికలు వీధి మలుపు తిరగ్గానే చెత్తబుట్టలో పడతాయని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. అయినా ఇవ్వాల్సిందే.

ఆవిడ పనిగది ఇంటికి పడమటి వైపు ఉంది. పెద్ద కిటికీ, దాని కింద కత్తిరింపు బల్ల, బల్ల పక్కన మిషను, గోడ పొడవునా కుట్టాల్సిన గుడ్డల అరలు. సాయంత్రం దాకా వెలుతురు ఉండే గది ఇంట్లో అదొక్కటే. వాన కొట్టేదీ ఆ గోడకే. మూడేళ్ళ కిందట ఇంటికి బయట రంగులు వేయించినప్పుడు మనిషిని కుదిర్చింది నేను. మాటలు కోటలు దాటే మనిషి. పాత పెచ్చులు గోకకుండా, పగులు పూడ్చకుండా, నాలుగు రోజుల్లో ఇల్లంతా మెరిపించేసి పోయాడు. వీధిలో వాళ్ళు ఆగి చూస్తుంటే నేను మీసం తిప్పుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాను. పైన పటారం లోన లొటారమని రెండో వానాకాలానికి తెలిసింది. రంగు అప్పడాల్లా లేచి ఊడిపోయింది, చెమ్మ లోపలికి దిగింది. కబురు పెడితే ఫోను మోగుతూనే ఉండేది గాని ఎత్తేవాడు కాదు.

పోయిన వానల్లో హెడ్‌మిస్ట్రెస్ గారి పాలరంగు సిల్కు గుడ్డ మీద అరిచెయ్యంత పసుపుపచ్చ మరక పడింది. అరలో, గోడకు ఆనించి ఉన్న గుడ్డ. ముప్పై ఏళ్ళలో అక్క చేతిలో గుడ్డ చెడిపోవడం అదే మొదలు. అలాంటి గుడ్డకోసం ఊరంతా గాలించి తెచ్చి కుట్టి ఇచ్చింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. అక్కే వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత ఒకనాడు కాజాలు కుడుతూ కుడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఈ వానాకాలం కూడా ఆ గోడ తడిస్తే మిషను అమ్మేస్తానురా. జనం గుడ్డలు తీసుకుని పాడుచేసే దానికి కుట్టడం ఎందుకు?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. బావ రైలు గార్డు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు, ఉన్న సగం నిద్రపోతాడు. కాబట్టి రంగులాయన్ని వెతికే పని అక్కది, స్కూటరు తోలే పని నాది. నోరు తెరవకూడదనే షరతు మీద.

ఎవరు వచ్చినా అక్క రెండే అడిగేది. ఒకటి, మీరు రంగు వేశాక మూడు వానలు తిన్న గోడ ఎక్కడుందో చూపించండి. నిన్న వేసింది వద్దు. రెండు, పని అయ్యాక మిగిలిన రంగు ఏం చేస్తారు? రెండో ప్రశ్న ఎందుకని నేనడిగితే, మిగిలినదాన్ని ఏం చేస్తాడో చూస్తే మనిషి తెలిసిపోతాడంది.

మొదటాయనకు నేను పెట్టిన పేరు 'సరేనండి గారు'. గోడ తూర్పుకు తిప్పమన్నా సరేనండి అనేలా ఉన్నాడు. గోడ కొలవకుండానే, వాకిట్లో కుర్చీలోంచి లేవకుండానే అంచనా రాసిచ్చాడు. మిగిలిన రంగు గురించి అడిగితే చుక్క కూడా మిగలదండీ అన్నాడు. ఆయన చెప్పిన పాత ఇల్లు చూడ్డానికి ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. అక్క సంచీలోంచి నల్లటి నూలుగుడ్డ తీసి, చుట్టూ చూసి, ఆ ఇంటి ప్రహరీని బల్ల తుడిచినట్టు తుడిచింది. గుడ్డ పిండిలో ముంచినట్టు తెల్లగా వచ్చింది. ఇంతలో లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చి, మున్సిపాలిటీ వాళ్ళా అని అడిగాడు. నేను నోరు తెరవకూడదు కదా, స్కూటరు స్టార్ట్ చేశాను.

రెండో ఆయన ఫోనులో మా ఇంటి ఫొటో తీసి, వేలితో అలా రుద్దగానే ఇల్లు నీలం అయిపోయింది. ఇంకోసారి రుద్దితే గులాబీ. నాకు మతిపోయింది. అక్క మాత్రం ఫోను తిరిగిచ్చేసి, ఇందులో పెచ్చులు కనిపించడం లేదేమండీ అంది. మూడు వానల గోడ అడిగితే ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళ కంపెనీ పెట్టి ఏడాదిన్నరే అయిందట.

మూడో ఆయన ముసలి మేస్త్రి. మూతి ముడుచుకునే వచ్చాడు, ముడుచుకునే వెళ్ళాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు గట్టు మీద పెట్టేసి నేరుగా పడమటి గోడ దగ్గరకు నడిచాడు. అరచెయ్యి ఆనించాడు, వేలి కణుపుతో తట్టి విన్నాడు, తల ఎత్తి డాబా మీది నీటిగొట్టం కేసి చాలాసేపు చూశాడు. గొట్టం మొదట్లో పగులుందని, నీళ్ళు గోడలోంచే దిగుతున్నాయని, అది పూడ్చకుండా ఎన్ని రంగులు వేసినా దండగని చెప్పాడు. పాతదంతా గోకి గోడను పదిహేను రోజులు ఎండబెట్టాలట. మధ్యలో తొందరపెడితే సామాను సర్దుకుని పోతాడట. ఇలా విసుక్కునే మనిషికి పని ఎవరిస్తారా అని నేననుకుంటున్నాను, అక్క కళ్ళు మెరుస్తున్నాయి. అప్పుడు రెండో ప్రశ్న అడిగింది.

"మిగిలిన రంగా? నేను పట్టుకుపోతాను" అన్నాడాయన.

అక్క ముఖం మాడిపోయింది. కబురు చేస్తామండీ అని పంపించేసింది. ఆయన ఒక అట్టముక్క మీద పాత ఇంటి చిరునామా రాసి గట్టు మీద పెట్టి, మంచినీళ్ళు అప్పుడు తాగి వెళ్ళాడు. నాకు లోపల ఒకటే సంబరం. దొంగ మన ఎదుటే ఒప్పుకున్నాడక్కా, నా మనిషి కనీసం చెప్పకుండా పట్టుకుపోయాడు అన్నాను. కత్తెర నా వైపు తిరగడం చూసి ఊరుకున్నాను.

వారం గడిచింది. ఇంకెవరూ దొరకలేదు. ఆకాశంలో అక్కడక్కడ మబ్బులు తేలడం మొదలైంది. అక్క అరల్లోంచి గుడ్డలు తీసి మంచాల మీదికి మార్చేసింది. బావ కుర్చీలో నిద్రపోవాల్సి వచ్చింది. పడమటి గోడ ఖాళీగా కనిపించింది. మిషను అమ్మడం ఉత్త బెదిరింపు కాదని అప్పుడు నమ్మాను.

ఆ ఆదివారం హెడ్‌మిస్ట్రెస్ గారికి బట్టలిచ్చి వస్తుంటే అట్టముక్క మీది వీధే దారిలో తగిలింది. ఎటూ వచ్చాం కదా అని అక్క బండి ఆపించింది. నల్లగుడ్డతో గోడ తుడిచింది. గుడ్డ నల్లగానే ఉంది. గట్టిగా రుద్దింది. అయినా నల్లగానే ఉంది. కానీ కిటికీ కింద దిండంత మేర రంగు మిగతా గోడ కంటే కాస్త నిగారింపుగా ఉంది.

"అతుకు" అంది అక్క, అన్నంలో వెంట్రుక కనిపించినట్టు.

ఇంటావిడ బయటికొచ్చి, మా గోడ మీరెందుకండీ తుడుస్తున్నారు, నేను తుడుచుకుంటాను కదా అంది. అక్క సంగతంతా చెప్పి, ఆ అతుకేమిటని అడిగింది. ఆవిడ చెప్పింది ఇది. రంగు వేసిన రెండో ఏట అక్కడ చిన్న బుడగ లేచింది. ఆవిడ చూసుకోనేలేదు. ఆ మేస్త్రే సైకిలు మీద పోతూ చూసి, దిగి, తలుపు కొట్టి, ఇది నా పొరపాటమ్మా అని గోకి మళ్ళీ వేసి వెళ్ళాడు.

"రంగు ఎక్కడిదండీ అంటే మీదేనమ్మా అన్నాడు. అప్పట్లో మిగిలింది సీసాలో దాచాడట. గోడ ఎండకి కొంచెం వెలిసింది కదండీ, సీసాలోది వెలవలేదు. అందుకే ఆ తేడా."

మా మలుపు వచ్చాక అక్క నా వీపు మీద తట్టి బండి ఆపమంది.

"ముప్పై ఏళ్ళ నుంచి నన్నెవరు అనుమానిస్తారా అని కాచుకుని కూర్చున్నానురా. ఆయన్ని నేను ఒక్క నిమిషంలో అనుమానించేశాను. బండి తిప్పు."

ఆ ఇంటావిడనే అడిగి మేస్త్రి ఇల్లు పట్టుకున్నాం. ఇంటి వెనక రేకుల కొట్టం. అందులో నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా మూత బిగించిన గాజు సీసాలు. సీసా సీసాకూ కాగితం అంటించి ఉంది. నీలం గేటు ఇల్లు. కుక్క ఉన్న ఇల్లు. మాట్లాడుకోని అన్నదమ్ముల ఇల్లు, పై వాటా. అదే ఇల్లు, కింది వాటా. మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండవట, ఇళ్ళు గుర్తుంటాయట. అక్క ఒక్కొక్క కాగితమూ చదువుకుంటూ అరల వెంట నడిచింది. చివరికి, ఇది ఆ రోజే చెప్పొచ్చు కదండీ అంది.

"ఏం చేస్తావని అడిగారమ్మా. ఎందుకని అడగలేదు" అన్నాడు మేస్త్రి.

పని మర్నాడే మొదలైంది. గొట్టం పగులు పూడ్చి, గోడంతా గోకి, పదిహేను రోజులు దాన్ని అలాగే వదిలేశాడు. ఇల్లు బొబ్బలెక్కినట్టుగా ఉంది. పక్కింటివాళ్ళు పలకరిస్తుంటే నాకు ప్రాణం విసిగిపోయింది. పన్నెండో రోజున చినుకులు పడితే మేస్త్రి పరుగున వచ్చి గోడకు పట్టా కప్పి, పదిహేను మీద ఇంకో నాలుగు రోజులన్నాడు. నేను ఏదో అనబోయాను. అక్క చూసిన చూపుకు కుక్కిన పేనులా ఉండిపోయాను. చివరికి లప్పం, ప్రైమరు, రెండు పూతల రంగు. లేత గోధుమరంగు. వీధిలో ఒక్కరూ ఆగి చూడలేదు.

అసలు వాన వారానికి పట్టుకుంది. మూడు రోజులు కుండపోత. మొదటిరోజే అక్క కొత్త పాలరంగు సిల్కు గుడ్డ ఒకటి గోడకు ఆనించి అర చెక్కకు గుండుసూదులతో బిగించింది. రెండు రోజులు దాని వైపు చూడలేదు, నన్ను చూడనివ్వలేదు. మూడో రోజు పొద్దున సూదులు ఒక్కొక్కటే తీసింది. గుడ్డను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ముందూ వెనకా చూసింది. చెంపకు ఆనించుకుంది. పొడిగా ఉంది. ఒక్క మచ్చ లేదు. అక్క బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పుడే కిటికీ అవతల గొడుగు కదిలింది. మేస్త్రి, మోకాళ్ళ దాకా తడిసి, తల ఎత్తి గొట్టం చూస్తున్నాడు. ఎవరూ పిలవలేదు. అక్క లోపలికి రమ్మంది. ఆయన వచ్చి గోడకు లోపలివైపు అరచెయ్యి ఆనించి, ఊఁ అన్నాడు. అంతే, వెళ్ళబోయాడు. అక్క మెడలోని టేపు తీసి, ఆగండి మేస్త్రి గారూ, చేతులు ఎత్తండి అంది. ఆయన ఎత్తాడు. పొట్ట లోపలికి బిగబట్టలేదు, ఉన్నదున్నట్టు నిలబడ్డాడు. నా ముప్పై ఏళ్ళ అర్జీ అలా నా కళ్ళ ముందే ఇంకొకరికి మంజూరైంది.

నాలుగో రోజుకు చొక్కా తయారైంది. మేస్త్రి తొడుక్కుని చూసుకుంటుంటే, మిగిలిన ముక్కల సంచీ ఏదక్కా అని నేనే అడిగాను. అక్క అరలో పెట్టిన చిన్న కవరు ఆయనకు చూపించింది. దాని మీద కాగితం అంటించి ఉంది: సీసాల ఇల్లు.

"మిగిలిన గుడ్డ నా దగ్గర ఉంటుందండీ" అంది.

మేస్త్రి తలూపి గొడుగు తీసుకున్నాడు. ఎందుకని అడగలేదు.