బతికున్నవాళ్లకు బంతిపూల దండలు

ఈ రోజు మన తిరువూరు హైస్కూల్లో జరిగింది సాయంత్రంలోగా ఈ లైబ్రరీ గోడపత్రికలో రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మన రాష్ట్రం ఏర్పడ్డాక కట్టిన కొత్త చెరువులో ఒక ఊరు మునిగిపోయి, జనం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. ఆ ఊరి పాత ఫొటోలు హైస్కూలు హాల్లో ప్రదర్శనకు పెట్టారు. ఊరు లేదు కనుక మనుషులూ లేరనుకున్నారేమో, ఏర్పాట్లు చూసిన మన బజారు కొట్టు శెట్టిగారు మనుషులున్న ప్రతి ఫొటోకీ బొట్టు పెట్టించి, బంతిపూల దండ వేయించారు.

ఆ ఊరు వదిలాక వినగడపలో ఉంటూ, బస్సులో వచ్చిన ఒకామె, నాగలి పట్టుకున్న మనిషి ఫొటో ముందు ఆగిపోయింది. ఆ దండ లాగేసింది.

"దండ తియ్యకూడదమ్మా! పోయినవాళ్లకి మర్యాద చెయ్యొద్దా?" అని శెట్టిగారు కేకేశారు.

"ఎవరండీ పోయింది? ఈయన మా ఆయన. మొన్ననే జ్వరంపడి లేచాడు. అదుగో, గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. నా పసుపు కుంకుమలు మీకేం అడ్డొచ్చాయండీ?"

ఆయన లోపలికొచ్చి, బొట్టు పెట్టిన తన ఫొటోని చాలాసేపు చూశాడు. ఆయన భార్య చేతిలోని దండ తీసుకుని, చివర్లో ఉన్న ఆ ఊరి ఖాళీ వీధి ఫొటోకి వేశాడు.

"పోయింది ఇదండీ," అన్నాడు.

శెట్టిగారు మిగతా దండలు తీయించబోయి ఆగిపోయారు. ఎవరున్నారో, ఎవరు పోయారో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ ఊరివాళ్లు ఇది చదివితే రేపు రండి. బతికున్నవాళ్లు ఎవరి దండ వాళ్లే తీసేసుకోవచ్చు.