వెంకటనరసమ్మగారి నీళ్ళ వడ్డన

ఉంగుటూరు దగ్గర మా ఊళ్ళో ఎవరింట భోజనాలైనా నీళ్ళ వడ్డన వెంకటనరసమ్మగారిదే. ఎకరన్నర చేను సొంతంగా చేసుకునే మనిషి. కాలవనీళ్ళలో ఇండుపగింజ అరగదీసి, బురద అడుక్కి దిగాక తేర్చి, కాచి, గుడ్డ కట్టిన బిందెల్లో చల్లారుస్తారు. అడక్కముందే గ్లాసు నింపుతారు. ఆఖరి బంతి లేచేదాకా తాను మాత్రం గుక్కెడు నీళ్ళయినా ముట్టరు. వడ్డించేవాళ్ళు ముందు మింగితే అతిథికి అమర్యాదని మా వైపు పట్టింపు.

తరవాత ప్లాస్టిక్ నీళ్ళసీసాలొచ్చాయి. డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టేవాణ్ణి పూర్వం దుబారా మనిషి అనేవారు. ఇప్పుడు నీళ్ళకే డబ్బు తగలేసేవాడు గొప్పవాడు! ఆకుకో సీసా పెట్టడం, రెండు గుక్కలు తాగి వదిలెయ్యడం, ఎంగిలాకులతోపాటు కాలవగట్టున పారబొయ్యడం. నిరుడు అవన్నీ కొట్టుకొచ్చి తూముకి అడ్డంపడి, వెంకటనరసమ్మగారి నారుమడి నీరందక ఎండిపోయింది. మోకాలిలోతు బురదలో దిగి ఆవిడ ఒక్కరే సీసాలు లాగారు. ఊరు ఊరంతా అయ్యో పాపం అంది. ఆ మాటకి ఖర్చేముంది?

కొల్లేటి లంకల్లో చుట్టూ నీళ్ళున్నా తాగడానికి పనికిరాక టిన్నులు కొనుక్కునేవాళ్ళంటే ఆవిడకి జాలే. కాలవ గుమ్మం ముందు పారుతుంటే మనకేం పోయేకాలం అన్నదే ఆవిడ కోపం.

ఈ ఏడు మనవరాలు శ్రీదుర్గ నిశ్చితార్థం వచ్చింది. మగపెళ్ళివారిది ఏలూరు. సీసాలు పెట్టకపోతే చిన్నచూపు చూశామనుకుంటారని కొడుకు బతిమాలాడు. ఆవిడ వినలేదు. సంబంధం ఎక్కడ చెడుతుందోనని నాకు నిజంగానే భయం వేసింది.

బంతిలో పెళ్ళికొడుకు తండ్రి చలపతిరావుగారు కూర్చున్నారు. ఆయన ముద్ద కలిపితేగాని మిగతావాళ్ళు కలపరు. ఆయన ఆకులో చెయ్యి పెట్టలేదు. బయటినీళ్ళు తనకి పడవని, సీసా ఉంటే ఇప్పించమని మెల్లగా అడిగారు. బంతంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది.

"నిరుడు ఇలాంటి భోజనాల సీసాలే తూముకి అడ్డంపడి నా నారు చంపేశాయండీ" అన్నారు వెంకటనరసమ్మగారు. "ఆకులోకి అన్నం ఆ నారులోంచి రావాల్సిందే కదండీ. ఇవి నా చేత్తో కాచిన నీళ్ళు. నమ్మకం లేకపోతే చూడండి బాబూ."

చెంబు ఎత్తి, అందరూ చూస్తుండగా గుక్కెడు పోసుకుని మింగేశారు. అతిథి ముద్ద ముట్టకముందే! చుట్టాల మొహాల్లో నెత్తురుచుక్క లేదు. చలపతిరావుగారు లేచారు. ఆకు వదిలి లేచారంటే సంబంధం వదులుకున్నట్టే. శ్రీదుర్గ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయన వచ్చి ఆవిడ చేతిలో చెంబు అందుకున్నారు.

"మీరు నీళ్ళు పుచ్చుకున్నాక అన్నం మానకూడదండమ్మా. నా పక్కన కూర్చోండి."

ఆకు వేయించి, గ్లాసు పెట్టి, తానే నీళ్ళు పొయ్యసాగారు. ఊరందరికీ పోసిన మనిషికి ఇన్నేళ్ళలో ఎవరూ పోసి ఎరగరు. చాలని చెయ్యి అడ్డం పెట్టాలని కూడా ఆవిడకి తోచలేదు. గ్లాసు నిండి, నీళ్ళు ఆకులోకి వచ్చేశాయి.