ఎత్తు తగ్గని జీపు

మా నాయన ఈశ్వరప్ప నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో జీపు నడిపేవాడు. వేరుశనగ మూటలు మోసే బండి, కాబట్టి వెనక కమాన్లు, అదే చక్రాల మీది ఇనుప పట్టీలు, బిరుసు. బరువుంటే కుదురుగా పోయేది, ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడేది.

అప్పటికే నాకు రెండు కడుపులు నిలవలేదు. మూడోసారి డాక్టరమ్మ కుదుపు తగలకూడదంది. ఆ మాట విన్నాక నాయనకు అన్నం సయించలేదు. పుట్టపర్తి ఆసుపత్రికి పోవాలంటే బండలు తేలిన వాగు, ఆ వంక దాటాలి. వేరే దారి లేదు.

బండి మెత్తగా పోయేట్టు చెయ్యమని నాయన అడిగితే, కదిరిలో మెకానిక్ నాగేశ్వర తేలిగ్గా చెప్పాడు.

"రెండు పట్టీలు తీసేస్తే ఉయ్యాలే గదన్నా!"

"తీస్తే బండి కుంగుతాది. వంకలో అడుగు బండకు తగిలితే మీ తాత వచ్చి ఎత్తుతాడా?"

"మా తాత పోయి పదేండ్లాయ."

"అందుకే చెప్తాండా. మెత్తగుండాల. ఎత్తు ఒక వేలు కూడా తగ్గగూడదు."

నాగేశ్వర పల్చని పట్టీలకు వంపు ఎక్కువ పెట్టించి, కొత్త షాకబ్జర్లు బిగించాడు. పని అయ్యాక నాయన చక్రం పక్కన కర్ర నిలబెట్టి, ముందే గీసుకున్న గీతతో సరిచూశాడు. ఎత్తు తగ్గలేదు. అయినా ముఖంలో భయం పోలేదు. పోయిన ఏడు ఆయన చనిపోయాడు. తలుచుకుంటే ముందుగా ఆ ముఖమే కనిపిస్తుంది.

నొప్పులు నెల ముందే వచ్చాయి. జీపు వెనక సీట్లో, అమ్మ ఆంజినమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాను. ఊరి దారిలో కుదుపే తెలియలేదు. వంకలోకి దిగగానే జీపు అడుగు బండకు తగిలి ఫెడేలుమంది. బండి నిలిచిపోయింది. ఆ దెబ్బ నా నడుములోకి పాకింది. కడుపులో కదలిక ఆగింది.

నాయన దిగి వెనక తలుపు తీశాడు. సీటు వెనక వేరుశనగ మూటలు!

"ఎవరేసినారివి?"

"నేనే," అంది అమ్మ. "కడుపుతో ఉండేవాళ్లను ఎక్కిస్తే బరువేయరా అందరూ? బండి ఎగరకూడదనే వేసినా."

"అది పాత కమాన్లకే! ఇవి మెత్తనివి, బరువుకు కుంగిపోతాయే!"

నాయన మూటలు వంకలోకి దొర్లించాడు. బండి బండ మీంచి లేచింది.

"కదుల్తాందామ్మా జ్యోతీ?"

కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను, కదలిక లేదు. ఆయన తలుపేసి బండి తీశాడు.

ఆసుపత్రిలో నర్సు కడుపు మీద యంత్రం ఆనించి చాలాసేపు వెతికింది. వెతికి వెతికి ఒకచోట ఆగింది. గుండె చప్పుడు, గబగబా.

అమ్మ బయటికి పరుగెత్తింది. నాయన జీపు కిందికి దూరి, బండ తగిలిన చోటు తడుముతూ పడుకుని ఉన్నాడంట. బిడ్డ బాగుండాదని అరిచినా లేవలేదంట. "ఇంకోసారి చెప్పు," అన్నాడంట.