చేతుల మీద కూర్చున్న సారలమ్మ

మా పక్కింటి సారలమ్మ చేతులకున్న తొందర మద్దేడు ఊరు మొత్తంలో ఇంకెవరి చేతులకూ లేదు. బీడీలు చుట్టే తునికాకు కట్టలు కట్టడంలో ఆమెతో పోటీపడి నెగ్గినవాళ్లను నేనైతే చూడలేదు. అడవిలో ఆ చేతులు బంగారమే. ఇంటికొచ్చాకే వాటితో తంటా. మనం చెంబు వైపు చూస్తే చాలు, నీళ్లు మన ముందుంటాయి.

ఇక పదకొండు నెలల మనవరాలు పూనం సంగతి చెప్పాలా? పిల్ల పాకబోతే ఎత్తేసుకుంటుంది. గిలక్కాయ వైపు చూస్తే చేతిలో పెట్టేస్తుంది. దాంతో పూనం మహారాణి అయి కూర్చుంది. ఏది కావాలన్నా వేలు చూపించి ఒక్క ఏడుపు ఏడుస్తుంది, అంతే.

ఓ సాయంత్రం కూతురు వినీత ఉండబట్టలేక అనేసింది.

"అమ్మా, దాన్నేమన్న చెయ్యనిస్తవా లేదా? నాకూ గిట్లనే చేసినవ్. డాక్టరు నన్నడిగితే నువ్వే చెప్పేటిదానివి. అంగన్‌వాడీల సహాయిక కొలువుకు ఫారం తెచ్చి పది దినాలాయె. తప్పు రాస్తనేమోనని ఒక్క గడి గూడ నింపలే. ఎల్లుండే ఆఖరు తారీఖు."

సారలమ్మేమో కూతురిని కాలు కింద పెట్టనివ్వకుండా పెంచానని ఊరంతా చెప్పుకున్న మనిషి. పాపం, బాగా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున పిల్ల ఆడుకుంటున్న ఎండు సొరబుర్ర దొర్లి వాకిలి చివరకు పోయింది. పూనం వేలు చూపించి రాగం అందుకుంది. సారలమ్మ లేవబోయి ఆగి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది.

"నువ్వే పోయి తెచ్చుకో తల్లీ. నేనీడనే ఉన్న."

పిల్ల కాసేపు అలిగింది. తర్వాత పాకింది. సగం దూరంలో మూతి నేలకు తగిలి బావురుమంది. సారలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లేవలేదు.

"ఏం గాలే బిడ్డా, ఇంక జరంతనే!"

పూనం వెక్కుతూనే కదిలింది. సొరబుర్ర మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి, అమ్మమ్మను చూసి రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది. అంత గర్వం ఆ ముఖంలో ఎన్నడూ లేదు.

గడపలో నిలబడి ఇదంతా చూసిన వినీత లోపలికెళ్లి ఫారం తెచ్చుకుని కూర్చుంది. అలవాటు కొద్దీ, "అమ్మా, పెన్నేడుంది?" అంది.

పెన్ను ఎక్కడుందో సారలమ్మకు తెలుసు. చేతులు ఊరుకోనంటున్నాయి. వాటి మీద ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

"నువ్వే దేవులాడుకో బిడ్డా. నేనీడనే ఉన్న."

వినీత వెతుక్కుంది. మొదటి గడిలో తన పేరు వంకరటింకరగా రాసి, తలెత్తి తల్లి వైపు చూసింది, అచ్చం పూనంలాగే. సారలమ్మ అప్పుడు చేతులు బయటకు తీసి చప్పట్లు కొట్టింది.