ఉన్ని కత్తెరకు వారసురాలు

మొన్న మా అన్న కూతురితో కలిసి మిర్యాలగూడలో ఓ నగల దుకాణానికి వెళితే, అద్దాల బీరువా మీద ‘హెయిర్‌లూమ్ కలెక్షన్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నిన్నో మొన్నో తయారై తళతళలాడుతున్న ఆ హారాలకు ఆ పేరేమిటని అడిగితే, అక్కడి అబ్బాయి “పాత మోడల్ మేడమ్, మీలాంటోళ్లకు మస్తుంటది” అన్నాడు. పాత మోడల్‌నే నాయనా, కానీ కోదాడలో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైన పాత మోడల్‌ని. ‘హెయిర్‌లూమ్’ అన్న మాట సంగతి నాకు చెప్పకు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అది పాఠంలో తగిలితే, ‘హెయిర్’ అంటే వారసుడు, సరే, పక్కన మగ్గం ఎందుకొచ్చిందా అని బడిలోని లావుపాటి నిఘంటువు తిరగేశాను. ‘లూమ్’ అంటే మగ్గమన్నది తర్వాత స్థిరపడిన అర్థమట, మొదట్లో ఏ పనిముట్టునైనా అలాగే అనేవారట. ఇంటితోపాటు వారసుడికి, అందులోనూ ఎక్కువగా పెద్దకొడుక్కి, దక్కే వస్తువన్నమాట. అది చదివి నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అలాంటి పనిముట్టు మా ఇంట్లోనూ ఉండేది, దాని కోసం నేను అప్పటికే ఒక యుద్ధం చేసి ఉన్నాను.

పెన్‌పహాడ్ దగ్గరి పల్లెలో మాది గొర్రెల కాపరుల ఇల్లు. తాత చేతి నుంచి నాన్న చేతికొచ్చిన ఉన్ని కత్తెర చూరులో ఉండేది. మా వాళ్లలో ఉన్ని కత్తిరించేది మగవాళ్లు, వడికేది ఆడవాళ్లు, ఆడది కత్తెర ముట్టుకుంటే మందకు అరిష్టమనేవారు. మా అన్నకేమో సరిగ్గా కత్తిరింపు రోజునే సూర్యాపేటలో సినిమా గుర్తొచ్చేది. చెరువులో కడిగిన గొర్రెలు ఆరేసరికి సాయం పట్టే మనిషి లేక, నాన్న దొడ్డి వెనక నాకే పని నేర్పాడు. “తోలు మీద అరచెయ్యి ఆనించు బిడ్డా, దాని ఊపిరి నీకు తెల్వాలె” అనేవాడు, పెదనాయినకు మాత్రం చెప్పొద్దనేవాడు.

నాన్న పోయాక, కర్మ ముగిసిన మర్నాడు, మందా కత్తెరా రెండూ అన్నకేనని పెదనాయిన తేల్చేశాడు. అన్న అప్పటికే మేళ్లచెరువులో సిమెంటు లారీ నడుపుతున్నాడు, మందను అమ్మడానికి బేరం కూడా కుదుర్చుకున్నాడు. మంద వద్దు, కత్తెర చాలన్నాను నేను.

“ఆడివిల్లవు, నీకు కత్తెరేందే? మీ అత్తగారింట్ల గొర్లున్నయా?” అన్నాడు పెదనాయిన.

“గొర్లు లేకున్నా చేతులున్నయ్ పెదనాయినా” అని చూరులోంచి కత్తెర లాగి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, వాకిట్లో అందరి ఎదుటా ఓ నల్లగొర్రె కాళ్లు కట్టి పడుకోబెట్టాను. నాన్న చెప్పినట్టు అరచెయ్యి ఆనించి కత్తెర ఆడిస్తే, తోలు మీద గీత పడకుండా ఉన్ని అంతా దుప్పటిలా విడిచొచ్చింది. అయినా పెదనాయిన తల అడ్డంగానే ఊపాడు. అప్పుడు, ఆ ఇంట్లో మగవాళ్ల మాటకు ఏనాడూ ఎదురు చెప్పని మా అమ్మ, మూల నుంచి లేచి వచ్చింది.

“ఇన్నేండ్లు నేను వడికిన ఉన్ని ఆ కత్తెరదే. అది పని సేసే చేతికే పోతది” అంది. పెదనాయిన అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు, మళ్లీ నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.

ఇదంతా బస్సులో చెప్పుకుంటూ వస్తే, ఆ కత్తెర తనకిస్తే కొత్తింటి షోకేసులో పెట్టుకుంటానంది అన్న కూతురు. కొడుక్కే దక్కాలన్న వాళ్లను ఎదిరించి తెచ్చుకున్నది అద్దం వెనక పెట్టడానికి కాదని కసిరాను. చిన్నబుచ్చుకుని, “మరి నేర్పుతవా అత్తా?” అంది.

నేర్పాలంటే ఉన్ని ఉన్న గొర్రె కావాలి. నా చిన్నప్పటి నల్లగొర్రెలు ఇప్పుడు మందల్లో కనబడవు, మాంసానికి పనికొచ్చే నున్నటి గొర్రెలే అంతటా. గొంగడి కప్పుకునే వాళ్లూ లేరు. వడికే చేతులు మా అమ్మతోనే పోయాయి. అయినా సరే, పెన్‌పహాడ్ నుంచి హాలియా దాకా తిరిగైనా ఒక్క ఉన్నిగొర్రెను పట్టుకొస్తాను. కత్తెరకు నిన్ననే నూనె పెట్టాను.