ఆండాళు చూసిన యార్క్

అమరేందర్ రిటైరైన వారంలోనే యార్క్‌కు టికెట్లు తీశాడు. ఇంగ్లండ్ వచ్చి షెఫీల్డ్‌లో కాపురం పెట్టిన కొత్తలో భార్య ఆండాళుకు ఇచ్చిన మాట అది. రైలెక్కితే గంటసేపటి ప్రయాణం. కానీ ఆసుపత్రి ల్యాబ్‌లో ఎవరు సిక్ అన్నా డ్యూటీల పట్టికలో ఆ ఖాళీ నిండేది ఈయన పేరుతోనే. వద్దనడం ఆయనకు చేతకాలేదు. పిల్లలు పెద్దవాళ్ళై చెరో ఊళ్ళో ఫ్లాట్లు తీసుకున్నారు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

రైల్లో సర్వపిండి తింటూ ఆయన రోమన్ల గురించీ, వైకింగుల గురించీ ఉత్సాహంగా చెప్పాడు. "కోటగోడ మీద నడవొచ్చట, ఎరికేనా?" అన్నాడు. ఆమె "ఊఁ" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

స్టేషన్ బయట ఆయన ఫోన్‌లో మ్యాప్ తిప్పుతుంటే ఆండాళు అంది: "అటు గాదు. గోడ ఎక్కి పోదాం రాండ్రి. రోడ్డు మీద బండ్లెక్కువ." ఎక్కడో బోర్డు చదివి ఉంటుందనుకుని వెనకే నడిచాడు.

ఆమె ఆయన్ని ఒక సందులోని చిన్న టీ కొట్టుకు తీసుకెళ్ళింది. కౌంటర్ వెనకున్న పెద్దావిడ చూడగానే నవ్వింది. "ఆండాళ్! మోకాలు ఎలా ఉంది?" అని ఇంగ్లీషులో పలకరించి, ఆయన వైపు తిరిగి, "ల్యాబ్‌లో పనిచేసేది మీరేనా? ఇన్నాళ్ళకు చూశాను" అంది.

అమరేందర్ టీ ముట్టలేదు.

"నువ్వు ముందే వచ్చినవా ఈడికి?"

"వచ్చిన. చానాసార్లు."

మొదటిసారి ఎప్పుడో కూడా చెప్పింది. ఒక శనివారం ఇద్దరూ ఇక్కడికే బయల్దేరుతుంటే, ఆయన బూట్లు తొడుక్కుంటుండగా డ్యూటీకి రమ్మని ఫోనొచ్చింది. ఆయన వెళ్ళాక, కట్టిన పులిహోర ముందు పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ఒక్కతే స్టేషన్‌కు నడిచింది. ఆపైన ఆమెకు ఒక డాక్టరు క్లినిక్ రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చింది. తనకు డ్యూటీ లేని రోజున పిల్లల్ని స్కూల్లో దింపి, ఎప్పుడు మనసు లాగితే అప్పుడు ఇక్కడికి వచ్చేది.

"నాకెందుకు చెప్పలే?"

"మీరు బాధపడ్తరని ముందుగాల చెప్పలే. తర్వాత తర్వాత... నాకని ఒక ఊరుండనీ అనిపించింది."

కోపం వచ్చింది ఆయనకు. ఎవరి మీదో తెలియలేదు. ఆ రాత్రి హోటల్లో అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున గోడ మీద నడుస్తుంటే ఆయనకు ఆయాసం వచ్చింది. మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి గోపురాలు కనిపించే చోట బెంచీ మీద కూర్చున్నారు. ఆండాళు చాలాసేపు అటే చూసింది.

"అమ్మ పోయిందని వరంగల్ నుంచి ఫోనొచ్చిన తెల్లారి ఈన్నే కూసున్న," అంది.

ఆ రోజు ఆయనకు గుర్తుంది. ల్యాబ్‌లో మనుషులు తక్కువని వెళ్ళాడు. సాయంత్రం ఇంటికొస్తే వంట చేసి ఉంది. గుండె దిటవు చేసుకుందనుకున్నాడు.

"ఒక్క మాట అంటే ఆగిపోయెటోణ్ణి గదా, ఆండాళూ!"

"అన్న. ఇయ్యాల్టికి పోకుండ్రి అన్న."

ఆయన ఎంత తవ్వుకున్నా ఆ మాట జ్ఞాపకంలో దొరకలేదు. అది లేకుండానే ఇన్నేళ్ళూ తాను మంచివాణ్ణనుకుంటూ బతికాడు. చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె పట్టుకోనిచ్చింది, కానీ చూపు మాత్రం తిప్పలేదు.

తర్వాతి నెలల్లో ఇద్దరూ లింకన్ చూశారు, డర్హమ్ చూశారు. రెండూ ఇద్దరికీ కొత్తే. దారి తప్పి, ఒకర్నొకరు తప్పుపట్టుకుని, నవ్వుకున్నారు కూడా. యార్క్‌కు మాత్రం ఆమె ఇప్పటికీ ఒక్కతే వెళుతుంది. ఆయన ప్లాట్‌ఫామ్ దాకా వచ్చి, రైలు కదిలేవరకూ నిలబడతాడు. నేనూ రానా అని అడగాలని ప్రతిసారీ ఉంటుంది. అడగడు.